సిజర్ లిఫ్ట్ కదలనప్పుడు: డ్రైవ్ లోపాన్ని లక్షణం నుంచి మూలం దాకా వెతికే పద్ధతి

గోదాములోనో, కొత్తగా కడుతున్న మాల్‌లోనో పనిచేస్తున్న సిజర్ లిఫ్ట్ (కత్తెరలా విచ్చుకునే చేతుల మీద మనుషుల్ని పైకి లేపే చక్రాల యంత్రం) ఉన్నచోటే ఆగిపోతే చాలామంది మెకానిక్‌లు నేరుగా చక్రం మోటారు దగ్గరికో, పంపు దగ్గరికో వెళ్తారు. ఆ రెండూ ఖరీదైన భాగాలు, విప్పితే బయటి దుమ్ము ఆయిల్‌లోకి చేరే భాగాలు. కాబట్టి అన్నిటికన్నా చివర చూడవలసినవి. డ్రైవ్, అంటే చక్రాల మీద యంత్రం కదలడం, ఆగడానికి కారణం చాలా సందర్భాల్లో ఒక స్విచ్చో, వాల్వును కదిలించే విద్యుత్ కాయిలో, బలహీనపడిన బ్యాటరీయో, వదలని బ్రేకో అయి ఉంటుంది. కొన్నిసార్లు అది లోపమే కాదు, పైనున్న మనిషి పడిపోకుండా యంత్రం తనంతట తాను ఆగడం. ఈ తేడా తెలియకుండా పాన పట్టుకోకూడదు.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా బ్యాటరీతో నడుస్తూ, చక్రాలను ఆయిల్ ఒత్తిడితో తిప్పే సిజర్ లిఫ్ట్‌ల గురించి. జీనీ జీఎస్-1930 ఈ తరగతికి బాగా తెలిసిన ఉదాహరణ. 6 వోల్టుల బ్యాటరీలు నాలుగు కలిసి 24 వోల్టులు ఇస్తాయి, ఆ కరెంటుతో డీసీ మోటారు పంపును తిప్పుతుంది, పంపు తోసిన ఆయిల్ వాల్వుల దిమ్మ గుండా ముందు చక్రాల హైడ్రాలిక్ మోటార్లకు చేరుతుంది. వెనుక చక్రాల బ్రేకులను స్ప్రింగులు ఎప్పుడూ బిగించే ఉంచుతాయి, ఆయిల్ ఒత్తిడి వచ్చినప్పుడే అవి వదులుతాయి. అంటే యంత్రం కదలాలంటే జాయ్‌స్టిక్ నుంచి ఆజ్ఞ రావాలి, భద్రతా స్విచ్‌లు అనుమతించాలి, ఆయిల్‌కు ఒత్తిడి రావాలి, బ్రేకు వదలాలి. ఈ నాలుగింటిలో ఏది తప్పిందో తేల్చడమే మన పని. చక్రాలను విద్యుత్ మోటార్లే నేరుగా తిప్పే నమూనాలకు ఇందులోని ఆయిల్ సంగతులు వర్తించవు.

చేయి పెట్టే ముందు

యంత్రాన్ని చదునైన గట్టి నేల మీద ఉంచి, ప్లాట్‌ఫామ్‌ను పూర్తిగా దించి, చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టాలి. వైర్లు ముట్టుకునే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. పైకి లేపిన ప్లాట్‌ఫామ్ కింద పని చేయవలసి వస్తే సేఫ్టీ ఆర్మ్‌ను దాని స్థానంలో నిలబెట్టకుండా లోపలికి వంగకూడదు. ఒత్తిడిలో ఉన్న గొట్టంలో సన్నని కారుడును చేత్తో వెతకడం ప్రాణాంతకమైన అలవాటు, ఎందుకంటే కంటికి కనిపించని ఆయిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, ఆ గాయానికి వెంటనే శస్త్రచికిత్స అవసరమవుతుంది. కారుడును అట్టముక్క అడ్డంపెట్టి మాత్రమే వెతకాలి.

ముందుగా చెవితో పరీక్ష

ఆపరేటర్‌ను జాయ్‌స్టిక్ ముందుకు నెట్టమని చెప్పి, కింద నిలబడి పంపు మోటారు శబ్దం వినాలి. మోటారు అసలు పలకకపోతే ఆజ్ఞ రాలేదు, లేదా కంట్రోలరు అనుమతించలేదు. మోటారు తేలికగా, బరువు లేనట్టు తిరుగుతూ యంత్రం కదలకపోతే ఆయిల్ చక్రాలకు పోకుండా ట్యాంకుకే తిరిగి వెళ్తోంది, అంటే డ్రైవ్ వాల్వు జరగలేదు. మోటారు బరువుగా మూలుగుతూ, బ్యాటరీ వోల్టేజి పడిపోతూ యంత్రం నిలిచే ఉంటే ఆయిల్‌కు ఒత్తిడి వచ్చింది, కానీ చక్రాన్ని ఏదో పట్టి ఉంచింది. మొదట అనుమానించవలసింది బ్రేకునే. ఏ పరికరమూ అక్కరలేని ఈ పరీక్ష వెతకవలసిన చోటును బాగా తగ్గిస్తుంది.

ఏ పనీ జరగదు, డ్రైవూ లేదు

లిఫ్ట్, స్టీరింగ్, డ్రైవ్ మూడూ ఒకేసారి పోతే అది డ్రైవ్ సమస్య కాదు, విద్యుత్ సమస్య. ఎమర్జెన్సీ స్టాప్ బటన్లు కింద ఒకటి, పైన ఒకటి ఉంటాయి, రెండూ బయటికి లాగి ఉన్నాయో లేదో చూడాలి. తాళంచెవి పై కంట్రోలు వైపు తిరిగి ఉండాలి. కొన్ని నమూనాల్లో చార్జరు ప్లగ్ పెట్టి ఉంటే యంత్రం కదలదు. పై కంట్రోలు పెట్టె నుంచి కిందికి వచ్చే కేబుల్ కత్తెర చేతుల మధ్య నలిగి తెగడం తరచుగా జరుగుతుంది. కింది కంట్రోలుతో లిఫ్ట్ పనిచేసి, పైనుంచి ఏదీ పనిచేయకపోతే ఆ కేబుల్‌నూ దాని కనెక్టరునూ చూడాలి.

బ్యాటరీ వోల్టేజిని యంత్రం ఊరకే ఉన్నప్పుడు కొలిచి సరిగ్గానే ఉందనుకోవడం తప్పు. జాయ్‌స్టిక్ నెట్టి, బరువు పడుతుండగా నాలుగు బ్యాటరీలనూ విడివిడిగా కొలవాలి. మూడు నిలబడి ఒకటి మాత్రం జారిపోతే దోషి అదే. బ్యాటరీ ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో చూస్తే పూర్తిగా చార్జయిన సెల్ సాంద్రత 1.265 నుంచి 1.280 మధ్య ఉంటుంది. ఒక సెల్‌కూ మరొక సెల్‌కూ 0.050 కన్నా ఎక్కువ తేడా కనిపిస్తే ఆ బ్యాటరీ రోజులు అయిపోయినట్టే. మన ఎండాకాలంలో సెల్‌లలో నీళ్లు త్వరగా తగ్గుతాయి కాబట్టి డిస్టిల్డ్ వాటర్ మట్టాన్ని మరింత తరచుగా చూడాలి. పలకలు మునిగేంత నీళ్లు చార్జింగ్‌కు ముందు, మిగతావి చార్జింగ్ పూర్తయ్యాక పోయాలి.

లిఫ్ట్ పనిచేస్తుంది, డ్రైవ్ మాత్రం పనిచేయదు

మెకానిక్‌లు ఎక్కువ పొరపాట్లు చేసేది ఇక్కడే. ముందు కింది కంట్రోలు తెరను చదవాలి. జీనీ జీఎస్ తరగతిలో ఎల్‌ఎల్ అని కనిపిస్తే యంత్రం వాలులో ఉందని, ఓఎల్ అని కనిపిస్తే ప్లాట్‌ఫామ్ మీద బరువు మించిందని, 18 అని కనిపిస్తే గుంత రక్షణ పలకలు సరిగ్గా దిగలేదని అర్థం. ఇతర తయారీదారుల గుర్తులు వేరుగా ఉంటాయి, వాటిని ఆ యంత్రపు మాన్యువల్‌లోనే చూడాలి.

జీఎస్-1930లో ప్లాట్‌ఫామ్ లేచి ఉన్నప్పుడు అడ్డంగా 1.5 డిగ్రీలు, నిలువుగా 3 డిగ్రీలు మించి వాలితే డ్రైవ్ ఆగిపోతుంది. కంటికి చదునుగా కనిపించే నేల కూడా, నీళ్లు పోవడానికి వాటం ఇచ్చిన చోట, ఈ హద్దు దాటవచ్చు. ప్లాట్‌ఫామ్ దించి, యంత్రాన్ని వేరే చోటికి తెచ్చి, స్పిరిట్ లెవెల్ పెట్టి చూడాలి. నిజంగా మట్టంగా ఉన్నా ఎల్‌ఎల్ పోకపోతే అప్పుడే సెన్సారు బోల్టులు వదులయ్యాయా, కనెక్టరులో తేమ చేరిందా అని వెతికి, చివరకు మాన్యువల్ ప్రకారం సెన్సారును మళ్లీ సరిచేయాలి.

గుంత రక్షణ పలకలు ప్లాట్‌ఫామ్ లేచేటప్పుడు రెండు పక్కలా నేలకు దగ్గరగా దిగుతాయి. రాలిన సిమెంటు గడ్డలు, స్క్రూలు, బైండింగ్ వైరు ముక్కలు వాటి లింకుల్లో ఇరుక్కుంటే పలక పూర్తిగా దిగదు, స్విచ్ నొక్కుకోదు, డ్రైవ్ రాదు. ఫినిషింగ్ పనులు జరిగే సైట్లలో ఇది రోజూ జరిగే సంగతి. చెత్త తీసి, లింకులు వంగాయేమో చూసి, స్విచ్ చేయి పలకను సరిగ్గా తాకేలా సర్దితే చాలు.

పని ఆగకూడదని ఈ స్విచ్‌లను వైరు ముక్కతో కలిపేయమని సైట్ ఇంజనీరు ఒత్తిడి చేయవచ్చు. ఏ పరిస్థితిలోనూ ఆ పని చేయకూడదు. లేచి ఉన్న లిఫ్ట్ చక్రం గుంతలో పడినప్పుడు మనిషికీ మరణానికీ మధ్య ఉండేది ఆ పలక ఒక్కటే. వైరు కలిపిన మెకానిక్ సాయంత్రానికి వెళ్లిపోతాడు, ఆ యంత్రం ఎక్కే మనిషికి ఆ సంగతి తెలియదు.

తెర మీద ఏ గుర్తూ లేకుండా పంపు మోటారు మూలుగుతూ ఉంటే బ్రేకు దగ్గరికి వెళ్లాలి. ముందు చక్రాలకు దిమ్మలు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టాలి. చేతిపంపుతో బ్రేకు వదిలే ఏర్పాటు ఉన్న నమూనాల్లో ఆ బటన్ నొక్కి పంపు కొట్టి, చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. తిరిగితే బ్రేకు మంచిదే, దానికి ఆయిల్ అందించే దారి చెడింది: బ్రేకు కాయిల్, దాని వైరు, వాల్వు కార్ట్రిడ్జ్, ఆరిఫిస్ అనే సన్నని రంధ్రంలో ఇరుకున్న మురికి వరుసగా చూడాలి. తిరగకపోతే బ్రేకులోనే దోషం ఉంది. సిలిండరు సీళ్లు పోయి ఒత్తిడి నిలవకపోవడం, వానలో నెలల తరబడి బయట నిలిపిన యంత్రాల్లో డిస్కులు తుప్పుతో అతుక్కుపోవడం ఇందుకు కారణాలు. ఈ పరీక్ష చేయకుండా, ఒత్తిడి హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వును బిగించి ఒత్తిడి పెంచడం చాలా చోట్ల చూస్తాం. బ్రేకు పట్టి ఉండగా ఒత్తిడి పెంచితే చెడేది మోటారు, పంపు సీళ్లు, బ్యాటరీ. లోపం మాత్రం అలాగే ఉంటుంది.

పూర్తిగా దించి ఉన్నా నత్తనడక

జీఎస్-1930 దించి ఉన్నప్పుడు గంటకు 4 కిలోమీటర్లు, లేచి ఉన్నప్పుడు 0.8 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. దించి ఉన్నా రెండో వేగంతోనే పాకుతుంటే, ప్లాట్‌ఫామ్ ఇంకా పైనే ఉందని కంట్రోలరు అనుకుంటోంది. ప్లాట్‌ఫామ్ దిగినట్టు చెప్పే లిమిట్ స్విచ్ చేయి వంగిందా, దాని మీద గ్రీజు, దుమ్ము గట్టిపడ్డాయా అని చూడాలి. జాయ్‌స్టిక్ పెట్టె మీద నెమ్మది వేగం బటన్ వేసి ఉందేమో కూడా చూడాలి. ఇది చిన్న సంగతే కానీ సర్వీసుకు పిలిపించిన సందర్భాలు తక్కువేమీ కావు.

ముందుకు పోతుంది, వెనక్కి రాదు

ఒక దిక్కుకు సరిగ్గా నడుస్తోందంటే పంపు, బ్యాటరీ, బ్రేకు, చక్రం మోటార్లు అన్నీ బాగున్నట్టే, వాటిని ముట్టుకోకూడదు. ముందు, వెనుక కాయిళ్లు ఒకే రకం అయితే కరెంటు తీసి వాటిని ఒకదాని చోట ఒకటి మార్చి, కనెక్టర్లను మాత్రం వాటి వాటి స్థానాల్లోనే పెట్టాలి. లోపం కాయిల్‌తో పాటు దిక్కు మారితే కాయిల్ పోయింది. మారకపోతే మల్టీమీటరుతో ఆ కనెక్టరు దగ్గర కొలవాలి: జాయ్‌స్టిక్ నెట్టినప్పుడు వోల్టేజి రాకపోతే వైరు లేదా జాయ్‌స్టిక్, వచ్చినా కదలకపోతే వాల్వు లోపల జరిగే కడ్డీ, అంటే స్పూల్, ఇరుక్కుంది. స్పూల్‌ను తీసి శుభ్రం చేసేటప్పుడు నూలుపోగులు రాలే గుడ్డ వాడకూడదు, ఓ-రింగులు కొత్తవి వేయాలి.

ఒక చక్రమే తిరుగుతుంది

ఆయిల్ సులువైన దారినే వెతుక్కుంటుంది. రెండు మోటార్లూ సమాంతరంగా కలిసి ఉన్నప్పుడు ఒక చక్రం గాలిలో లేచినా, నూనె మరకల మీద జారినా ఆయిలంతా దానికే పోతుంది, రెండోది నిలిచిపోతుంది. పొడి చదును నేల మీద కూడా అలాగే ఉంటే వేగం మార్చే వాల్వునూ, ఆయిల్‌ను రెండు మోటార్లకూ పంచే ఫ్లో డివైడరు ఉన్న యంత్రాల్లో దానినీ చూసి, ఆ తరువాతే మోటారు లోపలి అరుగుదలను అనుమానించాలి.

చల్లగా ఉన్నప్పుడు నడిచి, వేడెక్కాక నీరసపడుతుంది

వేడికి ఆయిల్ పలచబడుతుంది, అరిగిన పంపు, మోటారు సందుల్లోంచి లోలోపలే జారిపోతుంది. ఉదయం ర్యాంపు ఎక్కిన యంత్రం మధ్యాహ్నం ఎక్కకపోవడం దీని ముఖ్య లక్షణం. కానీ మధ్యాహ్నానికి బ్యాటరీ కూడా దిగిపోతుంది కాబట్టి, చార్జింగ్ నిండుగా ఉంచి, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు పరీక్షిస్తేనే రెండింటినీ విడదీయగలం. గేజ్ పెట్టి చూస్తే చల్లటి ఆయిల్‌తో వచ్చిన ఒత్తిడి వేడి ఆయిల్‌తో రాకపోతే అరుగుదల ఖాయం. ఆయిల్ నురగగా ఉంటే గాలి, పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయని అర్థం. పంపు కీచుమంటూ కుదుపులతో నడిస్తే ఆయిల్ మట్టం, పంపు ఆయిల్‌ను పీల్చే సక్షన్ గొట్టం క్లిప్పులు చూడాలి.

వాలు మీద ఆపితే జారుతుంది

ఈ ఒక్క లక్షణానికి యంత్రాన్ని ఆ క్షణమే పక్కన పెట్టాలి. అంతకుముందు ఎవరైనా లాగడం కోసం చేతిపంపుతో బ్రేకు వదిలి, తిరిగి పట్టించకుండా మరిచి ఉండవచ్చు. చాలా నమూనాల్లో జాయ్‌స్టిక్ ఒకసారి కదిపితే బ్రేకు మళ్లీ పడుతుంది. అప్పటికీ జారితే బ్రేకు నుంచి ట్యాంకుకు తిరిగి వచ్చే దారి మూసుకుని ఒత్తిడి మిగిలిపోతోందా, డిస్కులు అరిగాయా, వాటి మీదికి ఆయిల్ కారిందా అని విప్పి చూడాలి.

డీజిల్ బూమ్ లిఫ్ట్ అయితే

బూమ్‌ను, అంటే ప్లాట్‌ఫామ్‌ను మోసే పొడవాటి చేతిని, వెనుక చక్రాలు దాటి తిప్పితే డ్రైవ్ కావాలనే ఆగుతుంది, ప్రత్యేక అనుమతి స్విచ్ నొక్కితేనే కదులుతుంది. కొత్త ఆపరేటర్లు దీన్ని లోపమనుకుంటారు. ఇక క్లోజ్డ్ లూప్ పంపు (ఆయిల్ పంపుకూ మోటార్లకూ మధ్యే తిరిగే ఏర్పాటు) ఉన్న యంత్రాల్లో బ్రేకు వదలడానికి సాధారణంగా ఆ వలయానికి ఆయిల్ అందించే చిన్న చార్జ్ పంపు ఒత్తిడే ఆధారం. అది సుమారు 20 నుంచి 30 బార్ మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె మాన్యువల్ చెప్పాలి. ఇంజను బరువుకు కుంగుతూ యంత్రం కదలకపోతే ఈ ఒత్తిడిని ముందు కొలవాలి. ఎడమ, కుడి మోటార్ల కేస్ డ్రెయిన్ ఆయిల్‌ను (మోటారు లోపల జారి విడి గొట్టం ద్వారా బయటికి వచ్చేది) ఒకే సమయం పాటు వేర్వేరుగా పట్టి పోల్చితే ఏది అరిగిందో తెలుస్తుంది.

మరమ్మతు తరువాత

ఎమర్జెన్సీ స్టాప్, వాలు సెన్సారు, గుంత పలకలు, వాలు మీద బ్రేకు పట్టు అన్నీ పరీక్షించాలి. చివరగా నేల మీద 10 మీటర్లు గీసి వేగం కొలవాలి. జీఎస్-1930 దించి ఉన్నప్పుడు ఆ దూరాన్ని సుమారు 9 సెకన్లలో, లేచి ఉన్నప్పుడు సుమారు 45 సెకన్లలో దాటాలి. లేచి ఉన్నప్పుడు అంతకన్నా గమనించదగినంత త్వరగా దాటితే లిమిట్ స్విచ్ సర్దుబాటు తప్పినట్టే, దాన్ని సరిచేసేదాకా యంత్రాన్ని పనికి అప్పగించకూడదు.