అమెరికా కాలేజీ దరఖాస్తులో వ్యాపకాలు రాసే ముందు జాగ్రత్తలు

ఒకే ఫారంతో ఎన్నో అమెరికా కాలేజీలకు దరఖాస్తు చేసుకునే వెబ్‌సైటు కామన్ యాప్. అందులో కొత్త దరఖాస్తు ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. వ్యాపకాలకు పది గళ్లే ఉంటాయి, ఒక్కో వివరణకు 150 అక్షరాలే. ఆ పేజీ తెరవకముందే ఇవి చూసుకోండి.

- పదీ నింపి తీరాలన్న నియమం లేదు. మనసుపెట్టి చేసినవి ఐదే ఉంటే ఐదే రాయండి.

- వింతగా ఉంటుందని చివరి ఏడాదిలో కొత్త వ్యాపకం తగిలించుకోకండి. ఏ తరగతుల్లో చేశారో, వారానికి ఎన్ని గంటలో, ఏడాదికి ఎన్ని వారాలో ఫారమే అడుగుతుంది. నిన్నమొన్న మొదలైన పని అక్కడే తెలిసిపోతుంది.

- పెద్ద మాటలు వద్దు. సెలవుల్లో తాతగారి ఊరి గుడిలో శాసనాలు చదివే పిల్లవాడు ‘వారసత్వంపై ఆసక్తి’ అని రాస్తే ఏమీ కనిపించదు. ‘మూడు వేసవులు, నాలుగు శాసనాలు, ఉదయపు ఏటవాలు ఎండలో అక్షరాలు కూడబలుక్కుని నకలు రాశాను’ అంటే పని కళ్లముందు నిలుస్తుంది. నేనైతే ఈ ఒక్క విషయానికే ఒక సాయంత్రం కేటాయించమంటాను.

- ఇంటి పనిని దాచకండి. తమ్ముణ్ణి చూసుకోవడం, నాన్న దుకాణంలో లెక్కలు రాయడం కూడా లెక్కలోకి వస్తాయి. కుటుంబ బాధ్యతలకు ఆ ఫారంలో విడిగా ఒక వర్గమే ఉంది. మన పిల్లలు దీన్ని ఎక్కువగా వదిలేస్తారు, నాకు బాధగా ఉంటుంది.

- గంటలు పెంచి రాయకండి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కొందరిని ఎంచి ఆధారాలు అడుగుతుంది. నోటుపుస్తకాలు, ఫోటోలు, తేదీలు ముందే ఒకచోట పెట్టుకోండి.