కెమెరాతో పాత నగరాలు, దీవులు, సరస్సులు చూడబోయే ముందు

విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-అవర్ దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి.

పాత నగరాల్లో ట్రైపాడ్, ఫ్లాష్, డ్రోన్ నిబంధనలు ముందే చూసుకోండి. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో అయితే అసలు ఫోటోలే తీయనివ్వరు.

దీవుల్లో అసలు టెన్షన్ ఉప్పుగాలితోనే. పడవలో లెన్స్ మార్చకండి. గదికి రాగానే మంచినీటితో కొద్దిగా తడిపిన బట్టతో కెమెరా బాడీ తుడిచి, వెంటనే పొడిబట్టతో తుడవాలి. నేను ఒకసారి బద్ధకించాను, ట్రైపాడ్ కాళ్లు బిగుసుకుపోయాయి. ఏసీ గదిలోంచి ఉక్కగా ఉన్న బయటికి వెళ్తే లెన్స్ మీద తేమ పడుతుంది. కెమెరాను బ్యాగులోనే ఓ అరగంట ఉంచి తీయండి.

పడవ ఊగుతుంటే షట్టర్ వేగం 1/500 సెకను లేదా అంతకంటే ఎక్కువ పెట్టండి.

సరస్సుకు తెల్లవారుజామునే వెళ్లండి, గాలి లేచాక ప్రతిబింబం చెదిరిపోతుంది. పోలరైజర్ (మెరుపును తగ్గించే, లెన్స్ ముందు పెట్టే ఫిల్టర్) పూర్తిగా తిప్పితే ఆ ప్రతిబింబమే మాయం కావచ్చు, చూసుకుంటూ తిప్పండి.

చివరి పడవ వేళ రాసుకోండి. మనుషుల్ని ఫోటో తీసేముందు అడగండి. ఆ రోజు తీసిన ఫోటోలు రాత్రికి రెండుచోట్ల కాపీ చేశాకే కార్డు ఖాళీ చేయండి.