డర్బన్ ఓడ కాగితాల్లో తాత ఊరు దొరకట్లేదా? ఎక్కడ తేడా కొడుతోందో ఇలా చూడండి

1860 నుంచి 1911 దాకా కూలి ఒప్పందం మీద మన దేశం నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి (దాని రేవు డర్బన్) వెళ్లినవాళ్లు 1,52,000 మంది పైచిలుకు. ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లే, అందులో తెలుగువాళ్లు చాలామంది. ఇప్పుడు వాళ్ల మునిమనవలు ఒక పాత కాగితం ఫోటో పంపి "మా తాతది ఏ ఊరు?" అని మనవాళ్లని అడుగుతున్నారు. వాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు, ఊరి పేరు వినగానే పోల్చుకునే చెవి మనకే ఉంది. కాబట్టి గూగుల్ మ్యాప్‌లో ఒకసారి కొట్టి, రాలేదని చెప్పి వాళ్లని పంపించేయకండి, దయచేసి.

అసలు విషయం ఒకటే. ఊరి పేరు దగ్గర మొదలుపెట్టొద్దు. ఓడ జాబితాలో ఒక్కొక్కరికి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. ముందు జిల్లా, తర్వాత తాలూకా తేల్చుకుని, ఊరి సంగతి ఆఖర్న చూడాలి.

సమస్య: పుట్టిన ఊరు "మద్రాస్" అని మాత్రమే ఉంది

ఇది దాదాపు ఎప్పుడూ మరణ పత్రమో పెళ్లి కాగితమో అయ్యుంటుంది. పిల్లలకి తెలిసింది నాన్న ఓడెక్కిన రేవు పేరే, అదే రాయించారు. లేదా మద్రాసు ప్రెసిడెన్సీ అన్న అర్థంలో ఉండొచ్చు, అంటే గంజాం నుంచి తిరునెల్వేలి దాకా ఎక్కడైనా కావచ్చు. ఆ కాగితంతో ఇంకేమీ తేలదు. ఓడ జాబితాలో తాతకిచ్చిన నంబరు, అంటే వలస నంబరు, ఇంట్లో ఏ పాత పత్రం మీదైనా ఉందేమో వెతకమనండి. అది దొరికితే క్వాజులూ-నేటాల్ యూనివర్సిటీలోని గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్ కంప్యూటర్‌కెక్కించిన ఓడ జాబితాల్లో ఆ మనిషి వరస నేరుగా చూడొచ్చు.

"విజగపటం", అంటే విశాఖపట్నం, అని పట్నం పేరే ఊరి గడిలో ఉన్నా కొంచెం అనుమానించండి. మనిషి అక్కడ పుట్టి ఉండొచ్చు, లేదా అక్కడ కూలి మేస్త్రీ చేతికి దొరికి ఉండొచ్చు.

సమస్య: జిల్లా, తాలూకా స్పష్టంగానే ఉన్నాయి, కానీ ఆ జిల్లాలో ఆ ఊరు లేదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కాగితంలో ఉన్నది ఆనాటి జిల్లా, మనం వెతుకుతున్నది ఈనాటి జిల్లాలో. గంజాం అని చూసి ఒడిశాలో వెతికేవాళ్లున్నారు. చికాకోల్, అంటే మన శ్రీకాకుళం, అప్పట్లో గంజాం జిల్లా తాలూకా. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు అది విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. అలాగే నార్త్ ఆర్కాట్ అనగానే వేలూరు వైపు పరుగెత్తొద్దు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు అందులోవే, కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీలూ అందులోవే. మదనపల్లె, వాయల్పాడు మాత్రం అప్పటికి కడప జిల్లా. గుంటూరు జిల్లా 1904లో వచ్చింది, అంతకుముందు గుంటూరువాళ్లు కృష్ణా జిల్లా కింద, ఒంగోలువాళ్లు నెల్లూరు కింద కనిపిస్తారు.

తాలూకా పేర్లతో ఇంకో తిప్పలు. సర్వసిద్ధి తాలూకా అంటే ఇప్పుడు చాలామందికి తెలీదు, దాని కచేరీ యలమంచిలిలో ఉండేది. గొలుగొండ తాలూకా కచేరీ నర్సీపట్నంలో, వీరవిల్లి తాలూకాది చోడవరంలో. ఈ పేర్లు తర్వాత వాడుకలోంచి పోయాయి, 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి, 2022లో జిల్లాలు మళ్లీ మారాయి. మందు ఏంటంటే, ఓడ బయల్దేరిన సంవత్సరం చూసి, దానికి దగ్గర కాలం నాటి జిల్లా మాన్యువల్ లేదా గెజెటీర్ (బ్రిటిష్ కాలంలో జిల్లా వివరాలు రాసిన పుస్తకాలు) తీయండి. విశాఖపట్నానికి కార్మైకేల్ రాసిన మాన్యువల్ 1869లో, ఫ్రాన్సిస్ రాసిన గెజెటీర్ 1907లో వచ్చాయి. తాలూకా హద్దు ఎక్కడిదాకా ఉందో వాటిలో తెలుస్తుంది. ఆ తాలూకా ఊళ్ల జాబితా 1961, 1971 జనాభా లెక్కల జిల్లా పుస్తకాల్లో దొరుకుతుంది.

సమస్య: ఊరి పేరు అసలు తెలుగు పేరులాగే లేదు

కారణాలు రెండు, ఒకదాని మీద ఒకటి. కూలి చెప్పింది గుమాస్తా తన చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆ చేతిరాతని వందేళ్ల తర్వాత ఇంకెవరో కంప్యూటర్‌లోకి ఎక్కించారు. మొదటి తప్పు చెవిది, రెండోది కంటిది, వాటిని విడివిడిగా విప్పాలి.

కంటి తప్పుకి అసలు పేజీ ఫోటో అడగండి, టైపు చేసింది నమ్మొద్దు. ఇంగ్లీషు చేతిరాతలో ఎన్, యు, వి ఒకేలా ఉంటాయి, పెద్ద టి, జె కూడా అంతే, అందుకే "జూని" అని ఉన్నది తుని కావచ్చు. చెవి తప్పుకి, పేరుని పైకి చదవండి, వేగంగా, పల్లెటూరి యాసలో. జెడ్‌తో ఉన్నవి జ కింద చూడండి, రాజాం అలాగే దొరుకుతుంది. ఉదాహరణకి గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా, ఊరు "సింగపూర్" అని ఉందనుకోండి. కుటుంబం వాళ్లు తాత సింగపూర్ నుంచి వచ్చాడేమో అని కంగారుపడతారు. తాలూకా పట్టుకుని చూస్తే శ్రీకాకుళం పక్కనే సింగుపురం ఉంది.

పేరు సగమే అర్థమైనా తోక చూడండి. వలస అయితే ఉత్తరాంధ్ర, లంక అయితే గోదావరి, కృష్ణా డెల్టాలు, కండ్రిగ అయితే నెల్లూరు, చిత్తూరు వైపు.

సమస్య: ఆ పేరుతో ఊళ్లు పదున్నాయి

కొత్తూరు, కొత్తపల్లి, గోపాలపురం లాంటివి వస్తే ఊరి పేరు పక్కన పెట్టి మనిషి పేరు చూడండి. నాకు అన్నిటికన్నా నమ్మకమైన ఆధారం ఇదే. అప్పన్న, అప్పలస్వామి, సింహాచలం, పైడితల్లి అని ఇంటిల్లిపాదికీ ఉంటే అది విశాఖ, విజయనగరం వైపు. పెంచలయ్య అంటే పెంచలకోన, నెల్లూరు చుట్టుపక్కల. కోటయ్య అంటే కోటప్పకొండ వైపు, గుంటూరు, పల్నాడు. తండ్రి పేరు కూడా అదే వైపు చూపిస్తే దాదాపు ఖాయం చేసుకోవచ్చు. కులం గడి సాయపడుతుంది గానీ జాగ్రత్త. గవర అంటే అనకాపల్లి ప్రాంతం, కానీ తమిళ జిల్లాల్లో స్థిరపడిన బలిజల్ని గవరై అంటారు, గుమాస్తా రెండింటినీ ఒకేలా రాయగలడు.

తర్వాత ఆ వరసకి పైనా కిందా ఉన్న మనుషుల్ని చదవండి. ఒకే ఊరివాళ్లు, చుట్టాలు కలిసి బయల్దేరితే నంబర్లు పక్కపక్కనే పడతాయి, వాళ్ల ఊరి స్పెల్లింగ్ మనవాడిదాని కన్నా బాగుండొచ్చు.

సమస్య: పాత జాబితాలో ఊరుంది, ఇప్పుడు లేదు

పట్నంలో కలిసిపోయి ఉండొచ్చు, సోమశిల లాంటి రిజర్వాయర్ కింద మునిగి ఉండొచ్చు, విశాఖ స్టీల్ ప్లాంట్ కోసం ఖాళీ చేయించి ఉండొచ్చు. ఊరు పోయినా నిర్వాసితులు ఏ కాలనీకి వెళ్లారో మండల ఆఫీసులో అడిగితే తెలుస్తుంది. ఆ కాలనీకి వెళ్లే ముందు డర్బన్‌ వాళ్లని ఇంటి పేరు, ఇంట్లో కొలిచే అమ్మవారి పేరు అడిగి రాసుకోండి. ఓడ జాబితాలో ఇంటి పేరు మామూలుగా ఉండదు, కాలనీలోని పెద్దవాళ్లు మాత్రం ముందు అడిగేది "ఎవరింటోళ్లు బాబూ?" అనే.