దున్నకుండానే వరి మడిలో పచ్చిమేత

వానాకాలం వరి కోసిన తరువాత పొలం దున్నించి మేత విత్తుదామనుకుంటే, ట్రాక్టరు దొరికేలోపే నేల ఆరిపోవడం మా నర్సంపేట వైపు ఏటా ఉండే చిక్కే. అందువల్ల నేను రెండేళ్లుగా దుక్కి మానేసి, కోతకు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే పిల్లిపెసర అనే పప్పుజాతి మేత విత్తనం చల్లుతున్నాను. ఎకరాకు 10 కిలోల విత్తనాన్ని రెండింతల పొడి ఇసుకతో కలిపి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా చల్లితే సమంగా పడుతుంది. నేలలో పదును, అంటే తేమ, చూడడానికి మడిలో అడుగు వేస్తే చాలు. మడమ గుర్తు పడాలి గానీ అందులో నీరు ఊరకూడదు.

కోత మిషను వెనుక వరుసగా పడే గడ్డిని రెండు మూడు రోజుల్లో ఎత్తేయాలి. మొదటి ఏడు నేను వారం ఆలస్యం చేయగా, ఆ వరుసల కింది మొలకలన్నీ పసుపు దారాల్లా సాగి చచ్చిపోయాయి. పూత మొదలయ్యాక కోసి, కొంచెం వడలనిచ్చి, వరిగడ్డితో కలిపి పశువులకు వేస్తున్నాము.

ఇది రేగడి నేలల్లో కుదిరినట్లు చెల్కల్లో కుదరదు. ఇసుక పాలు ఎక్కువైన చోట పదును త్వరగా పోతుంది కనుక, మొలక వచ్చాక ఒక తడి ఇవ్వగలిగితేనే అక్కడ విత్తాలి. పాకాల అడవిని ఆనుకొని పొలం ఉన్నవారు మాత్రం ఇంటికి దగ్గరి మడినే ఎంచుకోవడం మేలు, ఎందుకంటే చుట్టూ ఎండిన కొయ్యకాళ్ల నడుమ ఈ ఒక్క పచ్చదనం కోసం చుక్కల దుప్పులు రాత్రిళ్లు తప్పక దిగుతాయి.