పాత ట్యూబ్ ఆంప్‌ల టోన్ పోల్చాలంటే ముందు సౌండ్ సమానం చేయండి

రెండు ట్యూబ్ ఆంప్‌లు (గాజు వాక్యూమ్ ట్యూబ్‌లతో పనిచేసే గిటార్ యాంప్లిఫైయర్లు) పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో నాలుగు కార్డ్‌లు కొట్టి, కేబుల్ పీకి రెండోదాంట్లో గుచ్చి మళ్లీ కొట్టి "ఇదే బాగుంది" అని తేల్చేయడం చాలామంది చేసే పని, నేనూ చాలాకాలం అలాగే చేశాను. ఒకసారి ఒక ఆంప్‌ని కుర్చీ మీద, ఇంకోదాన్ని నేల మీద పెట్టి గంటసేపు వాయించి, నేల మీదున్నది దుప్పటి కప్పినట్టు మసకగా పలుకుతోందని నిర్ణయించేసుకున్నాను. వారం తర్వాత వేరే పనిమీద వాటి చోట్లు మారాయి. దుప్పటి కుర్చీ దిగిన ఆంప్ మీదికి వచ్చింది! గిటార్ స్పీకర్ ట్రెబుల్‌ని (పదునైన పై స్వరాలని) టార్చిలైటులా ఎదురుగా, సన్నగా వదులుతుంది. నేల మీద పెడితే అది మోకాళ్లకు తగులుతుంది కానీ చెవికి అందదు. అందుకే రెండు ఆంప్‌లూ ఒకే ఎత్తులో ఉండాలి, వినేటప్పుడు మీరు రెండిటికీ అంతే దూరంలో, అంతే కోణంలో ఉండాలి.

ఆ తర్వాత సౌండ్ సమానం చేయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కాస్త గట్టిగా మోగేది మన చెవికి ఎప్పుడూ నిండుగా, బేస్ ఎక్కువ ఉన్నట్టు వినిపిస్తుంది. ఒకటి రెండు డెసిబెల్స్ తేడా ఉన్నా మనం దాన్ని సౌండ్ తేడా అనుకోం, "ఇందులో ప్రాణం ఉంది" అనుకుంటాం. గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య లూపర్ (వాయించింది రికార్డ్ చేసి మళ్లీ మళ్లీ వినిపించే పెడల్) పెట్టి పది సెకన్ల ముక్క రికార్డ్ చేయండి, అందులో లావు తీగ మీద ఒక రిఫ్, ఒక నిండు కార్డ్, పైన ఒక ఒంటి నోట్ ఉండాలి. అది తిరుగుతుండగా మీ తల ఉండే చోట ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి, రెండు ఆంప్‌లూ ఒక డెసిబెల్ లోపు వచ్చేదాకా వాల్యూమ్ సర్దండి. ఫోన్ మీటర్ అంకె పక్కాగా ఉండకపోయినా ఫరవాలేదు, మనకు కావాల్సింది తేడా మాత్రమే.

వాట్లు చూసి మోసపోవద్దు. ఫెండర్ డీలక్స్ రివర్బ్ సుమారు 22 వాట్లు, ట్విన్ రివర్బ్ 85 వాట్లు. దాదాపు నాలుగు రెట్ల పవర్, కానీ లెక్క వేస్తే పెరిగే సౌండ్ 6 డెసిబెల్సే. అసలు తేడా ఏమిటంటే డీలక్స్‌లోని రెండు 6వి6 ట్యూబ్‌లు త్వరగా చిరుగుతాయి (అంటే సౌండ్ గరగరలాడుతుంది), ట్విన్‌లోని నాలుగు 6ఎల్6లు చాలా సేపటిదాకా శుభ్రంగానే ఉంటాయి.

నాబ్‌లన్నీ 5 దగ్గర పెట్టి "ఇది ఫ్లాట్" అనుకోవడం ఇంకో పొరపాటు. అప్పటి ఫెండర్ టోన్ సర్క్యూట్ నాబ్‌లు మధ్యలో ఉన్నా మిడ్స్‌ని (మధ్య స్వరాలని) తవ్వేస్తుంది, డీలక్స్ రివర్బ్‌కి అసలు మిడ్ నాబే ఉండదు. వాక్స్ ఏసీ30లో కట్ నాబ్ పైకి తిప్పితే ట్రెబుల్ తగ్గుతుంది, అలవాటు లేనివాళ్లు అక్కడే తికమకపడతారు. కాబట్టి అంకెలు వదిలేసి, ఒక్కో ఆంప్‌కీ పది నిమిషాలిచ్చి, అది తన మంచి గొంతుతో పలికే చోటు వెతికి, ఆ రెండు మంచి గొంతులనే పోల్చండి. కొన్ని ఆంప్‌లలో వాల్యూమ్ నాబ్ మీద చిన్న బ్రైట్ కెపాసిటర్ ఉంటుంది, వాల్యూమ్ తక్కువగా ఉన్నప్పుడే అది ట్రెబుల్ పెంచుతుంది, పైకి తిప్పేకొద్దీ దాని ప్రభావం పోతుంది. ఇంట్లో మెల్లగా విన్న కరకు స్టేజీ సౌండ్‌లో ఉండకపోవడానికి అదొక కారణం.

ఇక స్పీకర్. నన్నడిగితే సగం టోన్ అక్కడే ఉంది. దీనికి ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ, మార్షల్ జేటీఎం45 కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1960ల మొదట్లో వచ్చిన ఈ మార్షల్ సర్క్యూట్ దాదాపు బాస్‌మన్‌దే. కానీ బాస్‌మన్ వెనక తెరిచిన పెట్టెలో నాలుగు 10 అంగుళాల జెన్సన్ స్పీకర్లతో గదంతా పరుచుకుని మోగుతుంది, మార్షల్ మూసేసిన క్యాబినెట్‌లో నాలుగు 12 అంగుళాల సెలెషన్ స్పీకర్లతో ఛాతీకి తగిలేలా తోస్తుంది. గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే ప్రీఆంప్ ట్యూబ్ కూడా వేరే, అందుకే మార్షల్ ముందే చిరుగుతుంది. ఇందులో ఎంత భాగం ఆంప్‌ది, ఎంత భాగం పెట్టెది అని తెలుసుకోవాలంటే రెండిటినీ ఒకే క్యాబినెట్‌కి కలిపి వినాలి. అయితే ఓమ్స్ (స్పీకర్ నిరోధం, ఆంప్‌కి తగినంత ఉండాలి) చూసుకోండి: బాస్‌మన్ 2 ఓమ్స్ కోసం, ట్విన్ 4 కోసం, డీలక్స్ 8 కోసం చేసినవి. కుదరకపోతే ఆ ప్రయోగం మానేయండి, స్పీకర్ లేకుండా మాత్రం ట్యూబ్ ఆంప్‌ని ఎప్పుడూ ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

పాత ఆంప్‌కి ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్ ఉందో లేదో, ఎన్ని వోల్టులకు చేశారో కూడా చూసుకోండి. గిటార్‌ని ఒక ఆంప్ నుంచి ఇంకోదానికి మార్చే స్విచ్ బాక్స్‌కి రెండిటినీ కలిపినప్పుడు ఒకదానికి ఎర్త్ లేకపోతే షాక్ తగిలే ప్రమాదం ఉంది. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి, పెట్టె విప్పడం టెక్నీషియన్ పని. ఆ కెపాసిటర్లు ముసలివైతే బేస్ వదులై, నోట్ వెనక ఇంకో అపశ్రుతి నోట్ దెయ్యంలా వినిపిస్తుంది. అలాంటి ఆంప్‌ని విని "ఈ మోడలే ఇంత" అనడం అన్యాయం.

సౌండ్ సమానం చేసి టోన్ పోల్చడంతో లూపర్ పని అయిపోతుంది, ఎందుకంటే వేళ్లకు ఆంప్ ఎలా బదులిస్తుందో అది చెప్పదు. గిటార్ చేతిలోకి తీసుకుని, ఆంప్‌ని శుభ్రానికీ చిరుగుడుకీ సరిగ్గా మధ్యలో పెట్టండి. ఒకే కార్డ్‌ని ముందు మెల్లగా, తర్వాత గట్టిగా మీటండి. ట్యూబ్ రెక్టిఫైయర్ (ఏసీ కరెంటుని డీసీగా మార్చే ట్యూబ్) ఉన్న చాలా ఆంప్‌లలో గట్టిగా కొట్టినప్పుడు వోల్టేజ్ ఒక్క క్షణం కుంగి, నోట్ కొంచెం ఊపిరి పీల్చుకుని మళ్లీ లేస్తుంది. ట్విన్‌లో ఆ పనికి ట్యూబ్ బదులు డయోడ్‌లు కాబట్టి దెబ్బ వెంటనే తగులుతుంది. ఇప్పుడు గిటార్ వాల్యూమ్‌ని 10 నుంచి 6కి దించండి: ఆంప్ శుభ్రపడి ఇంకా మెరుస్తోందా, లేక మసకబారి ముడుచుకుపోయిందా? నేను ఆంప్ ఎంచుకునేది ఈ ఒక్క పరీక్షతోనే. అరగంట దాటితే చెవులు అలసిపోయి ట్రెబుల్ తెలియడం మానేస్తుంది, అప్పుడు ఆపేసి, నాబ్‌లని ఫోటో తీసుకుని, మర్నాడు పొద్దున ఎవరినైనా స్విచ్ నొక్కమని చెప్పి కళ్లు మూసుకుని మళ్లీ వినండి.