లగ్గానికి ముందు కాస్మెటిక్ సర్జరీ: అపోహలు, జాగ్రత్తలు

మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యే వేళకు హనుమకొండ, కాజీపేట ఇండ్లల్లో బంగారం, పట్టుచీరల లెక్కతో పాటు ఇప్పుడు వరుడి బట్టతల, వధువు ముక్కు గురించిన చర్చ కూడా జరుగుతోంది. "పెండ్లికి ఇంకా నెల ఉంది కదా, సరిపోదా?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. సరిపోదు. ముహూర్తం పంతులు పెడతాడు గానీ, గాయం మానే గడువు శరీరమే పెట్టుకుంటుంది.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌నే తీసుకుందాం. నాటిన వెంట్రుకల్లో చాలా భాగం రెండు నుంచి ఆరు వారాల్లో రాలిపోతాయి. కుదుళ్లు మాత్రం చర్మం లోపల నిలిచి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలకెత్తుతాయి. ఒత్తుదనం కనబడడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. అంటే లగ్గానికి నెల ముందు చేయించుకున్న వరుడు మునుపటి కంటే పలుచని తలతో పీటల మీద కూర్చునే అవకాశమే ఎక్కువ. పది రోజుల ముందు చేయించుకుంటే పరిస్థితి మరీ ఇబ్బందికరం: నుదుటికి బిగించే బాసికం దారం, నడినెత్తిన అదిమిపెట్టే జీలకర్ర బెల్లం, దోసిళ్లతో పోసే తలంబ్రాలు అన్నీ ఇంకా చెక్కులు కట్టి ఉన్న ఆ చోటికే వస్తాయి. ముక్కు సర్జరీ అయితే పట్టీ సుమారు వారానికి తీస్తారు గాని, వాపు పూర్తిగా దిగి అసలు ఆకారం తేలడానికి ఏడాది దాకా పట్టవచ్చు.

ప్లాస్టిక్ సర్జరీలో ప్లాస్టిక్ పెడతారన్న అపోహ ఇప్పటికీ ఉంది. మలచడం అనే అర్థం గల గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. అంతకంటే ప్రమాదకరమైన అపోహ, లైపోసక్షన్‌తో బరువు తగ్గుతారన్నది. అది చర్మం కింది కొవ్వునే తీస్తుంది. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వును తాకదు. పైగా ఆ తర్వాత కొన్ని వారాల పాటు ఒంటికి బిగుతైన బట్ట వేసుకుని ఉండాలి, వైశాఖపు ఎండలో రామగుండం వైపు అది ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

మచ్చ పడకుండా కోస్తామని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. కోత పడిన ప్రతిచోటా మచ్చ ఉంటుంది, దాన్ని కనబడని మడతల్లో దాచడమే సర్జన్ నేర్పు. చెవి కుట్టించిన చోట గానీ, చిన్నప్పుడు భుజానికి బీసీజీ టీకా వేసిన చోట గానీ కండ ఉబ్బి గట్టిపడి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే అలాంటివారికి కొత్త కోతల దగ్గర కూడా అదే కీలాయిడ్ రావచ్చు. పొగతాగేవారు కనీసం నాలుగు వారాల ముందు మానాలి. ఆస్పిరిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు, మూలికా మందులు ఏవి వాడుతున్నా డాక్టరుకు చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.

మత్తు సూది మాత్రమే కదా, చిన్న పనే అనుకోవడం కూడా పొరపాటే. ఆ చోటును మొద్దుబార్చడానికి సూదిలో ఇచ్చే లిగ్నోకైన్ మందు మోతాదు మించితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. కాబట్టి ఆ గదిలో ఆక్సిజన్, అత్యవసర మందులు ఉన్నాయా అని మొహమాటం లేకుండా అడగండి. చేసే వ్యక్తి రిజిస్ట్రేషన్‌ను వైద్య మండలి జాబితాలో చూసుకోండి. వర్క్‌షాపుల్లోనో, యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకోవడం ఇలాంటి పనులకు చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసింది.

ఆపరేషన్ తర్వాత పప్పు తింటే చీము పడుతుందని మన పెద్దవాళ్లు చారన్నంతోనే సరిపెడతారు. నిజానికి గాయం పూడడానికి మాంసకృత్తులు కావాలి. డాక్టరు వేరేగా చెప్పకపోతే పప్పు, గుడ్డు పెట్టవచ్చు. నలుగు పసుపును మాత్రం మానని గాయం మీద పూయనీయకండి.

హైదరాబాదులో పొద్దున చేయించుకుని, సాయంత్రం రైల్లో 150 కిలోమీటర్ల దూరం ఒంటరిగా తిరిగి వచ్చేద్దామనుకోవద్దు. కనీసం ఆ రాత్రి అక్కడే, తోడుతో ఉండాలి. ఇంటికి వచ్చాక ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరం తగ్గకపోయినా, ముఖంలో గుంటలు, ముడతలు పూడ్చే ఫిల్లర్ సూది తర్వాత చర్మం పాలిపోయినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. చుట్టాల దగ్గర అపెండిక్స్ ఆపరేషన్ అని చెప్పుకుంటే చెప్పుకున్నారు గానీ, ఎమర్జెన్సీలో చూసే డ్యూటీ డాక్టరుకు మాత్రం డిశ్చార్జ్ కాగితం చూపించి, ఏం చేయించుకున్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.