మేత్రాణుల చిహ్నాన్ని చదవడం – మూడవ పాఠం: ముందు కుచ్చులు, తరువాత డాలు

గత పాఠంలో డాలు ఆకారాలనూ రంగులనూ గుర్తుపట్టడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో ఒక మేత్రాణుల, అంటే బిషప్పుగారి, చిహ్నాన్ని పూర్తిగా చదువుదాము. కొత్తగా నేర్చుకునేవారి చూపు నేరుగా డాలు మీది బొమ్మల మీదికే పోతుంది. ఆ తొందర వద్దు. డాలు చుట్టూ ఉన్న టోపీ, కుచ్చులు, శిలువ పదవికి సంబంధించినవి కనుక పదవి మారితే అవీ మారతాయి; డాలు మీది బొమ్మలు మాత్రం ఆ మేత్రాణులు తమ విశ్వాసాన్ని చెప్పుకోవడానికి ఎంచుకున్నవి.

పైన వెడల్పాటి అంచుతో కనిపించే టోపీని గలేరో అంటారు. దాని కుచ్చులను ఒక వైపునే, పైవరుస నుంచి కిందికి లెక్కించండి. ఒకటి, రెండు, మూడు చొప్పున ఆరు ఆకుపచ్చ కుచ్చులూ, డాలు వెనుక ఒకే అడ్డకమ్మి ఉన్న శిలువా కనబడితే అది మేత్రాణుల చిహ్నం. నాలుగవ వరుస కూడా ఉండి కుచ్చులు పది అయితే, శిలువకు రెండు అడ్డకమ్ములుంటే, అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) చిహ్నం. ఐదు వరుసలలో పదిహేను కుచ్చులుండి టోపీతో సహా అన్నీ ఎర్రగా ఉంటే కార్డినల్ చిహ్నం. 2008లో కర్నూలు మేత్రాణులుగా, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమితులై, 2022లో తెలుగువారిలో తొలి కార్డినల్ అయిన పూల అంతోని గారి ప్రస్థానానికి ఈ లెక్కను వర్తింపజేస్తే ఆరు, పది, పదిహేను అన్న వరుస ఇక మరచిపోరు. పాత చిహ్నాలలో కనిపించే మేత్రాణుల శిరోభూషణాన్నీ (మైటర్) చేతి దండాన్నీ రోము 1969లో తీసివేయించింది.

ఇక డాలు. కుడి ఎడమలను డాలు పట్టుకున్నవాని వైపు నుంచి చెప్పాలి. మనకు ఎడమగా కనబడేది దానికి కుడి. దివంగత పోపు ఫ్రాన్సిస్ తాము మేత్రాణులైననాటి డాలునే దాదాపు మార్చకుండా పోపు పదవిలోనూ ఉంచుకున్నారు. నీలి రంగు మీద, పైభాగంలో జ్వలించే సూర్యుడు, అందులో యేసు నామాక్షరాలు, వాటి కింద మూడు మేకులు ఉంటాయి. అది ఆయన చేరిన యేసుసభ (జెసూట్ గురువుల సభ) గుర్తు. కింద డాలుకు కుడివైపున ఉన్న నక్షత్రం మరియతల్లిని సూచిస్తుంది. ఎడమవైపున ఉన్నదాన్ని చూసి చాలామంది ద్రాక్షగుత్తి అనుకుంటారు, నేనూ మొదట అలాగే చదివాను. దగ్గరగా చూస్తే అవి నార్దో పువ్వులు. స్పానిష్ సంప్రదాయంలో మరియతల్లి భర్త పునీత జోజప్పగారి చేతిలో ఆ కొమ్మనే చిత్రిస్తారు. మనం దండలలో గుచ్చే లిల్లీని కూడా ఆ భాషలో నార్దో అనే పిలుస్తారు. అర్జెంటీనాలో పుట్టిన పోపుగారి డాలు మీద జోజప్పగారు పువ్వు రూపంలో నిలిచారన్నమాట. చిత్రాన్ని ఎక్కడ గీశారో తెలుసుకోకుండా అర్థం చెప్పకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అభ్యాసం: మీ మేత్రాసనం (బిషప్పుగారి పరిధి) నుంచి వచ్చిన ఏదైనా లేఖ పైభాగాన్ని చూడండి. డాలును చేతితో మూసి, కుచ్చులనూ శిలువ కమ్ములనూ బట్టి పదవిని కాగితం మీద రాయండి. ఆ తరువాతే చెయ్యి తీసి, డాలు కుడివైపు నుంచి ఒక్కొక్క గుర్తునూ రాయండి. అడుగున పట్టీ మీద ఉన్న ధ్యేయవాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి ఉంచుకోండి. నాలుగవ పాఠంలో దానితోనే పని.